మల్లెపాదుకు నీళ్ళు కట్టిపెట్టు

చిరంజీవి అమ్మడికి,

కొత్త ఇంటి ముందు వేసిన మొక్కల ఫొటోలు చూశాను. మందారం, నందివర్ధనం, నూరువరహాలు, మెట్ల పక్కన మల్లె. ముచ్చటగా ఉన్నాయి. "రోజూ నీళ్ళు పోస్తున్నా మల్లె సరిగ్గా పూయడం లేదు పెద్దమ్మా" అన్నావు. చలికాలంలో కూడా రోజూ పోస్తున్నావు కాబట్టే ఆకు తప్ప పువ్వు లేదు.

సంక్రాంతి దగ్గరికొచ్చింది, మల్లెకు ఇది విశ్రాంతి కాలం. ఇవాళ్టి నుంచే నీళ్ళు కట్టిపెట్టు. రెండు మూడు వారాల్లో ఆకులు పండి రాలతాయి. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది, అయినా చెంబెడు నీళ్ళు కూడా పోయకు. మిగిలిన ఆకు దూసేసి, ఈ నెలాఖరుకల్లా మోకాలెత్తున కత్తిరించు. ఎండుపుల్లలు, ఒకదాన్నొకటి ఒరుసుకునే కొమ్మలు, బక్క రెమ్మలు మొదలంటా తీసెయ్యి. కణుపుకు కాస్త పైన, ఒక్క వేటుకే తెగాలి. మొద్దు కత్తెరతో నలిపితే కొమ్మ చీలి, అక్కణ్ణించి కిందికి ఎండుతూ పోతుంది. తర్వాత పాదు తవ్వి రెండు రోజులు ఎండనిచ్చి, గంపెడు బాగా చివికిన పశువుల ఎరువు వేసి, అప్పుడు నిండా నీళ్ళు పెట్టు. మల్లె పూసేది కొత్త చిగుళ్ళకే. ముదురు కొమ్మల మీద మమకారం పెట్టుకోకు. మార్చిలో మొగ్గలు కోసుకుంటావు.

మందారాన్ని మాత్రం ఇలా ఎండగట్టకు. నీళ్ళు లేక వాడితే మొగ్గలు విచ్చకుండానే రాలతాయి. కొమ్మ మీద చీమలు బారులు తీరితే చిగురు తిప్పి చూడు, తెల్లగా దూదిలా పిండినల్లి ఉంటుంది. అది వదిలే తీపి జిగురు కోసం చీమలే దానికి కాపలా కాస్తాయి. పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టి కడుగు. సాయంత్రం లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి చల్లు. వారానికోసారి, పోయేదాకా. మరీ పట్టిన చిగుళ్ళు తుంచి కవర్లో మూటకట్టి పారెయ్యి, మొక్క మొదట్లో పడెయ్యకు.

నూరువరహాల ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. అది ఇనుము లోపం. ఇల్లు కట్టినప్పటి సిమెంటు, సున్నం గోడవార మట్టిలో కలిసిపోయి ఉంటాయి. సున్నం మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు ఆకుల మీద చల్లు. నందివర్ధనానికి దిగుల్లేదు, అది తన పాటికి తాను పూస్తుంది.

గేటు దగ్గర గన్నేరు వేద్దామనుకుంటున్నానని రాశావు. అందమైనదే, ఎండకూ తట్టుకుంటుంది. కానీ ఆకు, పువ్వు, బెరడు, వేరు అన్నీ విషమే. మీ బుజ్జిగాడు చేతికందినది నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నాడు, మీ వీధిలో ఆవులూ తిరుగుతాయి. వాడు పెద్దయ్యేదాకా దాని జోలికి పోకు తల్లీ. అక్కడ ముద్దమందారం పెట్టు, కొమ్మ నేను పంపిస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ