స్నానాల గది గచ్చు - ఇంటి చెమ్మ

ఇల్లు కట్టేటప్పుడు అందరి దృష్టీ ముందు గది మీద, వీధి గుమ్మం మీద ఉంటుంది. స్నానాల గది గచ్చును మాత్రం మిగిలిన సిమెంటుతో చివరి రోజున హడావుడిగా పోస్తారు. కొన్నాళ్లకే అది బీటలు తీస్తుంది. పక్క గది గోడ అడుగున సున్నం ఉబ్బి రాలుతుంది. ట్రంకు పెట్టెలో దాచుకొన్న పుస్తకాలకు, సర్టిఫికెట్లకు బూజు పడుతుంది. మన హాస్టల్లో చదివినవారి తల్లిదండ్రులలో తాపీ పనికి, ఇసుక, సిమెంటు మోసే కూలికి వెళ్లినవారు ఎందరో ఉన్నారు. వారి చేతి పనికీ మేము తరగతిలో చదివిన సైన్సు పాఠానికీ ఉన్న సంబంధం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చెమ్మ వచ్చే దారులు

చెమ్మ ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది.

మొదటిది నేల నుంచి పైకెక్కే చెమ్మ. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టే ఇటుకలోని సన్నని రంధ్రాలు నేలలోని నీటిని పైకి లాగుతాయి. హైస్కూల్లో చదివిన కేశనాళికీయత ఇదే. నీరు ఆవిరై పోగా అందులోని ఉప్పు గోడలో మిగిలి, స్ఫటికాలుగా పెరిగి ప్లాస్టరింగును తోసేస్తుంది. తెల్లని పొడి రాలడానికి కారణం అదే. దీన్ని ఆపడానికే పునాది మీద గోడ లేపే ముందు డి.పి.సి. పొర వేస్తారు.

రెండవది కారే నీరు. పగిలిన గచ్చు, పైపు అతుకు, డాబా చీలిక దీనికి మూలం.

మూడవది గాలిలోని ఆవిరి. చల్లని గోడ తగలగానే అది నీటి బొట్లుగా మారుతుంది. దీన్నే సాంద్రీకరణం అని చదువుకున్నాం.

ఏది కారణమో తెలుసుకొనే పరీక్షలు

అడుగున్నర చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నేలకు గానీ గోడకు గానీ నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచాలి. కాగితం లోపలి వైపు తడి చేరితే చెమ్మ లోపలి నుంచి వస్తున్నట్టు. పై వైపు చేరితే గాలిలోని ఆవిరి.

గచ్చు కారుతోందా అన్నది చూడటానికి తూముకు గుడ్డ కుక్కి, అంగుళం ఎత్తు నీరు నిలపాలి. పక్కనే ఒక వెడల్పాటి గిన్నెలో కూడా నీరు పోసి, రెండింటి మట్టానికీ గుర్తు పెట్టాలి. 24 గంటల తర్వాత గిన్నెలో కన్నా నేల మీద నీరు బాగా తగ్గితే గచ్చు తాగుతున్నట్టే. గిన్నె ఎందుకంటే, ఆవిరై పోయిన నీరు ఎంతో అది చెబుతుంది.

మరమ్మతు క్రమం

1. తాపీ పిడితో నేలంతా తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా గట్టి నేల తగిలేదాకా ఉలితో కొట్టి తీసేయాలి. పై బీటలో సిమెంటు పూసి వదిలేస్తే అది నిలవదు.

2. దుమ్ము, పాచి పోయేలా బ్రష్షుతో కడగాలి. నేల తడిగా ఉండాలి, నీరు నిలిచి ఉండకూడదు.

3. సిమెంటు పాలు పూసి, అది ఆరకముందే మాలు వేయాలి.

4. మాలుకు ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు జల్లించిన ఇసుక. వాటర్‌ప్రూఫ్ ద్రవం డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. నీరు ఎక్కువైతే ఆ నీరు ఆవిరైన చోట రంధ్రాలు మిగులుతాయి. బిగిసిపోయిన మాలులో మళ్లీ నీళ్లు పోసి వాడకూడదు.

5. వాలు తూము వైపు అడుగుకు పావు అంగుళం ఉండాలి. అంటే ఆరు అడుగుల గదికి అంగుళంన్నర. గోడా నేలా కలిసే మూలను గుండ్రంగా తీర్చి, గోడ మీద అడుగు ఎత్తు వరకు అదే మాలు పూయాలి.

6. పైభాగం మరీ నున్నగా తీర్చకూడదు. ముసలివారు, పిల్లలు జారిపడేది ఇక్కడే.

7. మర్నాటి నుంచి వారం రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. సిమెంటు గట్టిపడేది ఎండి కాదు, నీటితో జరిగే రసాయన చర్య వల్ల. తర్వాత నీరు నిలిపి పరీక్ష మళ్లీ చేయాలి.

తాండూరు, షాబాదు, కడప బండలు పరిచిన గదిలో బండలు గట్టిగా ఉంటే సందులు మాత్రం అర అంగుళం లోతు గీకి, మాలు నింపితే చాలు.

చెమ్మ తగ్గించే అలవాట్లు

వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టకూడదు. తడి బట్టలు పడుకొనే గదిలో ఆరేయకూడదు. బీరువాను, పుస్తకాల పెట్టెను గోడకు రెండంగుళాలు ఎడంగా, ఇటుకల మీద ఉంచాలి. నేల చెమ్మ ఉన్న గోడకు ఆయిల్ పెయింటు వేస్తే నీరు బయటికి పోలేక ఇంకా పైకెక్కుతుంది. మన వాడల్లో పాత రోడ్డు మీదే కొత్త సి.సి. రోడ్డు వేస్తే వీధి ఎత్తు పెరుగుతుంది, ఇల్లు పల్లంలో పడుతుంది. అప్పుడు గోడ బయట చేరిన మట్టి డి.పి.సి. మట్టాన్ని దాటకుండా తీసేయాలి, వాన నీరు పోయే కాలువ వదలాలి.

ఇది అందానికి సంబంధించిన విషయం కాదు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాసకోశ జబ్బులు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రచురించిన మార్గదర్శకాల్లో చెప్పింది. చెమ్మ పట్టిన గోడలో స్విచ్ బోర్డు ఉంటే ప్రాణానికే ప్రమాదం.

జాగ్రత్తలు

తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది కనుక చేతి తొడుగులు వాడాలి. మరకలకు పోసే యాసిడ్ గచ్చులోని సిమెంటునే తినేస్తుంది. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎన్నడూ కలపకూడదు, విషవాయువైన క్లోరిన్ వస్తుంది.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. పైన చెప్పినదంతా ఇంటి కోసం. హాస్టల్ బాత్రూం గచ్చు పగిలితే మీరు ఉలి పట్టవద్దు, యాసిడ్ ముట్టవద్దు. ఏ గదిలో, ఎంత మేర పగిలిందో, ఎవరు జారిపడ్డారో తేదీతో కాగితం మీద రాసి, అందరూ సంతకాలు చేసి వార్డెన్ గారికి ఇవ్వండి, ఒక నకలు దగ్గర ఉంచుకోండి. బాగుచేయించమని అడగడం మీ హక్కు.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నీరు నిలిపే పరీక్ష ఒక్కటైనా చేసి చూడండి. ఇంట్లో తాపీ పని తెలిసిన పెద్దలుంటే పక్కన కూర్చోబెట్టుకొని చేయండి. వాలు ఎటు ఉండాలో వారు చూపిస్తారు, నీరు ఎందుకు పైకెక్కుతుందో మీరు చెప్పండి.