చూపులో నేర్పు

ఇంద్రియములన్నిటిలో కన్ను ప్రధానమని పెద్దలందురు. కన్నులున్న వారందఱును చూతురు. కాని కదలుచున్న దృశ్యమును అందఱును ఒకే విధముగా చూతురా? చూడరని శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

మన కన్ను ఎదుటనున్న దానినంతయు ఒక్కసారిగా స్పష్టముగా చూడజాలదు. చూపునకు నడుమనున్న కొద్ది భాగము మాత్రమే తేటగా కనబడును. అందుచేత కన్ను ఒకచోట క్షణకాలము నిలిచి, వెంటనే వేఱొకచోటికి దుముకును. ఇట్లు సెకనుకు సుమారు మూడుసార్లు జరుగును. ఎప్పుడు, ఎచటికి దుముకవలెనో ఎఱుగుటయే చూపులోని నేర్పు.

ఇంగ్లండులో మైకేల్ లాండ్, పీటర్ మెక్‌లౌడ్ అను శాస్త్రజ్ఞులు ఈ విషయమును క్రికెట్ ఆటలో పరీక్షించి, ఫలితములను 2000 సంవత్సరమున ప్రకటించిరి. నేర్పులో తారతమ్యముగల ముగ్గురు ఆటగాండ్ర తలలకు చిన్న కెమెరా నమర్చి, యంత్రముచే బంతులు వేయించి, వారి చూపుల జాడలను పోల్చిరి.

బంతిపైనుండి చూపు మరల్పరాదని ఆట నేర్పువారు చెప్పుదురు. కాని ఆ ముగ్గురిలో ఎవ్వరును బంతిని కడవఱకు ఎడతెగక చూడలేదు. బంతి యంత్రమునుండి వెలువడగనే దానిని క్షణకాలము చూచిరి. పిమ్మట అది నేలను తాకబోవు చోటికి చూపును ముందుగా పంపి, దాని రాకకై వేచియుండిరి. అది నేలను తాకి లేచిన పిదప మరల కొంత దూరము దానిని అనుసరించిరి. బంతి ఎచట, ఎప్పుడు నేలను తాకినదో తెలిసినచో, బ్యాటు ఎచటికి పోవలెనో నిశ్చయింపవచ్చును. ఇదంతయు ఒక్క సెకనులోపలనే జరుగును!

మఱి వారిలో భేదమేమి? నేర్పరియగు ఆటగాని చూపు ముందుగా బయలుదేరెను. నేర్పు తక్కువవాని చూపు ఆలసించెను.

ఆటలో చూపు ఆలసించినచో వికెట్టు పోవును. రోడ్డుమీద ఆలసించినచో ప్రాణమే పోవచ్చును. 1972లో అమెరికాలో మౌరంట్, రాక్‌వెల్ అను పరిశోధకులు కారు నడుపువారి చూపులను పోల్చిరి. క్రొత్తగా నేర్చినవారు కారునకు దగ్గఱనున్న రోడ్డునే ఎక్కువగా చూచుచుండిరి. అద్దములను తక్కువగా చూచిరి. అనుభవముగలవారి చూపు దూరముగను, విశాలముగను తిరుగుచుండెను.

కావున బాలబాలికలారా! బండి నడుపువాని కన్నులు తెఱచి యున్నంతమాత్రమున అతడు మిమ్ము చూచెనని తలంపకుడు. రోడ్డు దాటునపుడు మీ చూపే ముందుగా పోవలెను. అడుగు దాని వెనుక పడవలెను.