టూరిస్టు ఇచ్చే రూపాయి

పర్యాటకాన్ని పొగలేని పరిశ్రమ అంటారని సాంఘికం సారు చెప్పారు. నాకు నవ్వొచ్చింది. బొర్రా గుహల దారిలో మా అమ్మ మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతాది. ఆ పొగకి సాయంత్రానికి కళ్ళు ఎర్రగా అయిపోతాయి.

కానీ సారు చెప్పింది నిజమే. విదేశీయులు మన దేశం వచ్చి ఖర్చు పెడితే, సరుకు ఎగుమతి చేసినట్టే విదేశీ మారక ద్రవ్యం వస్తుంది. 2019లో సుమారు 1 కోటి 9 లక్షల మంది వచ్చారు. కరోనా వచ్చిన 2020లో 27 లక్షల మందే. దేశ ఆదాయంలో సుమారు 5 శాతం ఉన్న పర్యాటకం వాటా 2020-21లో 2 శాతం కంటే తగ్గిపోయింది. లాక్‌డౌన్‌లో గుహలు కూడా మూసేశారు. అప్పుడు నాకు శాతాలు తెలీవు. సంత నుంచి నూనె రాలేదని మాత్రం తెలుసు.

అమ్మ పొత్తుల డబ్బుతో సంతలో ఎండుచేపలు కొంటాది. ఎండుచేపలమ్మే ఆవిడ ఆ డబ్బుతోనే మా పిన్ని దగ్గర పసుపు కొంటాది. ఒకే రూపాయి ముగ్గురి ఇళ్ళు తిరిగింది. అయితే టూరిస్టు విశాఖపట్నంలో కారు మాట్లాడుకుని, బయటివాళ్ళ హోటల్లో తిని, బయటివాళ్ళ రిసార్టులోనే పడుకుంటే ఆ డబ్బు ఘాటు దిగి వెళ్ళిపోతాది. మనకి పొత్తుల డబ్బులూ, ప్లాస్టిక్ గ్లాసులూ మిగులుతాయి. థింసా ఆడితే ఎంతిస్తారని మా అత్తని అడిగాను. నవ్వి ఊరుకుంది.

అందుకే భూమి ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యం. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులకు అమ్మకూడదు, లీజుకీ ఇవ్వకూడదు. అయినా మొన్న చలికాలంలో ఒకాయన వచ్చి, టూరిస్టులకి టెంట్లు వేస్తాను, మీ మెట్టభూమి ఇవ్వండి, పేరు మీదే ఉంటుంది అని మా అయ్యని అడిగాడు. ఏడాదికి ఇస్తానన్నది అమ్మ సంపాదన కంటే ఎక్కువే. అయ్య ఆలోచనలో పడ్డాడు.

"మరి పొత్తులు ఎక్కడ పండిస్తావు?" అంది అమ్మ. ఆ మొక్కజొన్న ఆ భూమిలోదే.

టెంట్లు మనమే వేసుకుంటే అన్నాను నేను. పెట్టుబడి ఏదీ అన్నాడు అయ్య. సంఘంలో అప్పు అడుగుదామని అమ్మ అంటాది.

ఆయన ఇచ్చిన కాగితం దూలంలో దోపి ఉంది. ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే. పండగ సెలవులకి వెళ్ళి చదివి వినిపించాలి. అర్థంకాని మాటలు రాసుకొచ్చి వార్డెన్ మేడంగారిని అడుగుతాను. అప్పటిదాకా వేలిముద్ర వెయ్యొద్దని అయ్యకి చెప్పి వచ్చాను.