ట్రాక్టరు నేర్చుకొను వానికి చూపు, స్వబుద్ధి అలవరచుట

ఎద్దుబండి తోలు రైతు ఒక క్షణము ఏమరినను ఎద్దులు గోతిని చూచి సాధారణముగా ప్రక్కకు తప్పుకొనును. ట్రాక్టరుకు కన్నులు లేవు. తోలువాని రెండు కన్నులే దానికి ఆధారము. కాబట్టి కుమారునికో, పనివానికో ట్రాక్టరు నేర్పు రైతు స్టీరింగు త్రిప్పుట, గేరు మార్చుట నేర్పి ఊరకుండిన చాలదు. చుట్టుప్రక్కల చూచుట, చూచినదానిని బట్టి తనంతట తాను నిర్ణయించుకొనుట కూడ నేర్పవలెను.

కేకలు వేసి నేర్పరాదు

"ఆపు, త్రిప్పు, బ్రేకు తొక్కు" అని మాటిమాటికి కేకలు వేసినచో నేర్చుకొనువాడు ఆ కేకలకే అలవాటు పడును. వాని చూపు దారిమీద గాక నేర్పువాని ముఖముమీద నిలుచును. రేపు రాత్రివేళ ఒంటరిగా ధాన్యపు ట్రాలీతో వచ్చునపుడు కేక వేయువాడుండడు. కావున "ఆపు" అను ఒక్క మాటను మాత్రము ప్రమాద సమయమునకు నిర్ణయించుకొనుడు. తక్కిన పొరపాట్లను ట్రాక్టరు ఆగిన పిమ్మట అడుగుడు: "నీకేమి కనబడినది? ఏమి కనబడలేదు?"

ఎచ్చట ప్రారంభింపవలెను?

బావి, కాలువ, కరెంటు స్తంభము లేని చదునైన బీటి పొలములో ట్రాలీ తగిలింపక ప్రారంభింపవలెను. మొదట ఆపుట నేర్పి, తరువాత నడపుట నేర్పవలెను. నేర్పువాడు మడ్‌గార్డు మీద కూర్చుండరాదు. అచ్చటినుండి జారినవాడు వెనుక చక్రము క్రిందికే పోవును. అతడు గట్టుమీద వానికి కనబడునట్లు నిలువవలెను.

రోడ్డు చూపును కాలినడకన నేర్పవచ్చును. ఊరి డొంక వెంట ఇద్దరును నడచి, ప్రతి మలుపు వద్ద ఆగి, "ఇచ్చట మనకు కనబడనిదేమి? ఎంత దూరములో వేగము తగ్గింతువు?" అని వానిచేత చెప్పింపుడు. గంటకు 20 కిలోమీటర్ల వేగములో ట్రాక్టరు ఒక సెకనుకు 5 మీటర్లకు పైగా పోవునని, బ్రేకుమీద కాలు పడకమునుపే అంత దూరము దాటునని చూపుడు.

వానికి అలవాటు చేయవలసినవి

1. ఎక్కుటకు ముందు చుట్టు తిరిగి, వంగి చూడవలెను. కల్లములో ట్రాలీ నీడన పిల్లలు ఆడుకొనుచుందురు.

2. రోడ్డెక్కునపుడు రెండు బ్రేకు పెడళ్ళను కొక్కెముతో కలుపవలెను. వేగములో ఒక్కటే తొక్కినచో ట్రాక్టరు ఒక వైపునకు గిరుక్కున తిరిగి బోల్తాపడవచ్చును.

3. మలుపులో ట్రాలీ చక్రములు ట్రాక్టరు చక్రముల జాడలో పోవు. లోపలి వైపునకు కోసుకొనిపోవును. ఆ ప్రక్కన సైకిలు గాని మనిషి గాని ఉన్నచో ఆగవలెను.

4. దమ్ములో చక్రములు దిగబడినపుడు వాటికి దుంగలు కట్టి లాగింపరాదు. ముందు భాగము పైకి లేచి తోలువానిమీద పడును. దిగి మరియొక ట్రాక్టరును పిలువవలెను. ఆగుట కూడ ఒక నిర్ణయమే.

కాదని చెప్పు ధైర్యము

2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ సమీపమున కూలీలతో పోవుచున్న ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. ట్రాలీ సరుకులకే గాని మనుష్యులకు కాదు. యజమాని తొందరపెట్టినను, "మనుష్యులను ఎక్కించుకొనను" అని తోలువాడు చెప్పగలుగవలెను. అట్లు చెప్పినవానిని యజమాని కోపింపరాదు. కోపించినచో నేర్పిన చదువంతయు వ్యర్థమగును.

లైసెన్సు సంగతి

18 సంవత్సరములు నిండినవారికే ట్రాక్టరు తోలు లైసెన్సు లభించును. లెర్నరు లైసెన్సు 6 నెలలు చెల్లును. అది పొందిన 30 దినముల పిమ్మటనే పక్కా లైసెన్సు పరీక్షకు పోవచ్చును. ఆ దినములను పైన చెప్పిన అభ్యాసమునకు వినియోగింపుడు. రోజురోజుకు మీ మాటలు తగ్గించుకొనుచు రండు. మీరు గట్టుమీద ఒక పూట మౌనముగా నిలిచినను, వాడు తానే చూచి, తానే ఆగి, తానే వెనుకకు తిరిగి చూచి కదలినచో, వానికి ట్రాక్టరు వచ్చినదని తెలియుడు.