వీసా వేరు, స్టేటస్ వేరు

మా పాలకాయతిప్ప వైపు ఎవరింట్లో పిల్లలకైనా అమెరికా స్టాంపింగ్ అయిందంటే ముందు వినబడే మాట "అయిదేళ్లు వచ్చిందంట!" అనే. అంటే అయిదేళ్లు అక్కడ ఉండిపోవచ్చని అందరి లెక్క. ఊళ్లోవాళ్లని ఏమనగలం, మన క్లాసులో ఎంఎస్‌కి అప్లై చేస్తున్నవాళ్లే సగంమంది అలా అనుకుంటున్నారు.

వీసా అనేది పాస్‌పోర్టులో అతికించే ఒక పేజీ. అక్కడి విమానాశ్రయం దాకా వెళ్లి "లోపలికి రానివ్వండి" అని అడగడానికి హైదరాబాద్ కాన్సులేట్ ఇచ్చే అనుమతి అది. రానివ్వాలా వద్దా అన్నది అక్కడి అధికారి ఇష్టం. రానిచ్చాక ఐ-94 అనే రికార్డు పుడుతుంది. ఎంతకాలం ఉండొచ్చో చెప్పేది అదీ, వీసా కాదు. మా హంసలదీవి బీచ్‌కి వచ్చినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పొద్దున గేటు తెరిచారు కదా అని రాత్రంతా ఇసుకలో కూర్చుంటానంటే మెరైన్ పోలీసులు ఊరుకోరు.

ఎఫ్-1 విద్యార్థుల ఐ-94లో చాలా ఏళ్లుగా తేదీకి బదులు డీ/ఎస్ అని ఉంటోంది. స్టేటస్ నిలబెట్టుకున్నంతకాలం ఉండొచ్చని దానర్థం. (దీన్ని తీసేసి, నాలుగేళ్లకు మించని గడువు పెట్టాలని 2025 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించింది. మీరు వెళ్లేనాటికి ఏది అమల్లో ఉందో చూసుకోండి.) కాబట్టి అక్కడ ఉండగా వీసా గడువు అయిపోయినా స్టేటస్ సరిగ్గా ఉంటే చదువు ఆగదు. దేశం దాటి మళ్లీ వెళ్లేటప్పుడే కొత్త స్టాంపింగ్ కావాలి. అదే, వీసా ఇంకా మూడేళ్లు ఉన్నా కాలేజీ మానేస్తే ఆ స్టాంపు ఎందుకూ పనికిరాదు.

మరి స్టేటస్ దేనితో నిలుస్తుంది? ప్రతి సెమిస్టర్ ఫుల్‌టైమ్ చదవాలి. అందులో ఒక్క ఆన్‌లైన్ కోర్సు మాత్రమే లెక్కలోకి వస్తుంది. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలు దాటకూడదు. బయట పెట్రోల్ బంకులోనో రెస్టారెంట్‌లోనో చేతికి డబ్బు తీసుకుని చేస్తే ఒక్క గంటైనా ఉల్లంఘనే. ఇల్లు మారితే 10 రోజుల్లో కాలేజీకి చెప్పాలి. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కదా, కింద చదవండి.

2011 జనవరిలో కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అనే ఊళ్లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై దాడి జరిగింది. సుమారు 1,500 మంది విద్యార్థులు. ఎక్కువమంది మన తెలుగువాళ్లే. రికార్డుల్లో సగానికి పైగా విద్యార్థుల చిరునామా ఒకే అపార్ట్‌మెంట్! కొందరి కాళ్లకి రేడియో ట్యాగులు కట్టారు. ఆ ఫొటోలు మన పేపర్లలో కూడా వచ్చాయి. నడిపినావిడకి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

మళ్లీ 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. ఈసారి కాలేజీ పెట్టిందే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ. క్లాసుల్లేవు, లెక్చరర్లు లేరు. పేరు మాత్రం ప్రభుత్వ జాబితాలో ఉంది. ఫీజు కట్టి, సీపీటీ కాగితం తీసుకుని ఉద్యోగాలు చేసుకున్నారు. మొదటి విడతలోనే 129 మంది అరెస్టయ్యారు. వాళ్లకి విషయం తెలుసని ప్రభుత్వం వాదన. వెబ్‌సైట్ చూసి నమ్మామని వాళ్ల వాదన. ఫీజు కోసం వేసిన దావా ముందుకు సాగవచ్చని 2024లో ఒక అప్పీలు కోర్టు చెప్పింది. ప్రభుత్వమే వల పన్నడం నాకూ నచ్చలేదు. కానీ ఆ పిల్లల స్టేటస్ మాత్రం తిరిగి రాలేదు.

అందుకే "మొదటిరోజు నుంచే సీపీటీ" అని కన్సల్టెన్సీవాళ్లు ఆశపెడితే వారానికి ఎన్ని క్లాసులు, ఎక్కడ, ఎవరు చెబుతారు అని అడగండి. సాధారణంగా ఒక విద్యా సంవత్సరం చదివాకే సీపీటీ ఇస్తారు. మొదటిరోజు నుంచే ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయిన కొన్ని పీజీ కోర్సులకే మినహాయింపు. పైగా ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే ఆ డిగ్రీ మీద ఓపీటీ పోతుంది. ఆ మాట ఏ ఏజెంటూ ముందుగా చెప్పడు.

ఓపీటీ 12 నెలలు. మన ఇంజినీరింగ్ బ్రాంచీలకి ఇంకో 24 నెలల పొడిగింపు. అయితే ఉద్యోగం లేని రోజులు మొదటి ఏడాదిలో 90, పొడిగింపుతో కలిపి మొత్తం 150 దాటకూడదు. శని, ఆదివారాలూ లెక్కే. దరఖాస్తు కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల్లోపు పెట్టాలి.

జ్వరం వచ్చి కోర్సు వదిలేయాల్సొస్తే? వదిలేశాక కాదు, వదిలే ముందు డీఎస్ఓ దగ్గరికి వెళ్లాలి. డీఎస్ఓ అంటే కాలేజీలో మన ఐ-20 చూసే అధికారి. డాక్టర్ కాగితం ఉంటే తక్కువ కోర్సులకి వాళ్లే అనుమతిస్తారు. స్టేటస్ అప్పటికే పోయుంటే తిరిగి ఇప్పించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. మామూలుగా దానికి 5 నెలలే గడువు. రూమ్మేట్ సలహా వింటూ ఆ 5 నెలలూ గడిపేయకండి.