శాసనసభ్యుని మాట - ఓటు

అత్వెల్లి గ్రామస్థులు మేడ్చల్ నియోజకవర్గపు ఓటర్లు. తామెన్నుకొన్న సభ్యుడు ఊరిలో చెప్పిన మాటకును సభలో వేసిన ఓటుకును పొంతన కలదా యని విచారించుట వారి హక్కు. అయితే ఆ ఓటు ఎక్కడ దొరకును?

అన్ని వేళల దొరకదు. శాసనసభలో సాధారణముగా జరుగునది మూజువాణి ఓటు. స్పీకరు అడుగగా సభ్యులు అవుననియో కాదనియో కేక వేయుదురు. ఏ ధ్వని హెచ్చని స్పీకరు తలచునో ఆ పక్షము నెగ్గును. ఎవరేమి పలికిరో పేరుపేరున వ్రాసికొనరు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరించు తీర్మానమును 2014 జనవరి 30న శాసనసభ గందరగోళము నడుమ ఇట్లే ఆమోదించెను. ఆ బిల్లునే ఫిబ్రవరి 18న లోక్‌సభయు ఇట్లే నెగ్గించెను. అంతటి విషయమున సైతము ఏ సభ్యుడెటు నిలిచెనో తెలియుటకు వారి ప్రసంగములే ఆధారము. ఇది మాకు లోపముగనే తోచుచున్నది.

ఓట్లు లెక్కించినపుడు సంగతి వేరు. 2011 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వముపై వచ్చిన అవిశ్వాస తీర్మానమునకు అనుకూలముగా 122, ప్రతికూలముగా 160 ఓట్లు పడెను. పార్టీ విప్‌ను, అనగా ఓటును గూర్చిన ఆజ్ఞను, మీరిన 16 మంది కాంగ్రెసు సభ్యులు 2012 మార్చిలో సభ్యత్వము కోల్పోయిరి. విప్ ఉన్నచోట ఓటు పార్టీది కావచ్చును. ఊరిలో పలికిన మాట మాత్రము సభ్యునిదే.

మూజువాణి ఫలితమును కాదని లెక్కింపు కోరుటకు సభ్యునకు అవకాశమున్నది. ఆయన గ్రామమునకు వచ్చినపుడు, ఏయే బిల్లులపై అట్లు కోరితిరని అడుగవచ్చును.