మంగలికత్తికి కొత్త చెక్కపిడి ఎలా చేయాలి?

మడత మంగలికత్తికి పిడి అంటే రెండు పలుచని పలకలే. రోజూ తడుస్తాయి, ఆరుతాయి. మామూలు చెక్క అలా తడిసి ఆరి వంకర తిరుగుతుంది. పలక కాస్త వాలినా చాలు, మూసేటప్పుడు కత్తి అంచు దానికి రాసుకుని మొండిబారుతుంది. షెఫీల్డ్, జోలింగెన్ ఊళ్ల పాత కత్తులకు కొమ్ము, దంతం, సెల్యులాయిడ్ పిడులే ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. చెక్క అందమే కావాలంటే స్టెబిలైజ్డ్ చెక్క ఉంది. బాగా ఎండిన ముక్కను పలుచని రెజిన్‌లో ముంచి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలి లాగేసి, ఆ ఖాళీల్లోకి రెజిన్ ఎక్కాక వేడితో గట్టిపరుస్తారు.

మొదటిసారికి తయారైన ముక్కే కొనుక్కోండి. ఇంట్లో చేయాలంటే పంపు, గాజుగిన్నె, విడిగా ఒక ఓవెన్ కావాలి (వంటింటి ఓవెన్ వద్దే వద్దు). చెక్కను సుమారు 105 డిగ్రీల దగ్గర రోజంతా ఎండబెట్టాలి. పూర్తిగా చల్లారకముందే రెజిన్‌లో వేస్తే రెజిన్ అక్కడే గడ్డకడుతుంది. మామూలు ఎపాక్సీ చిక్కన, లోపలికి ఎక్కదు. ఇదంతా వేరే విద్య.

ఏ చెక్క? మెత్తగా, గుల్లగా, వింత చారలతో ఉన్నదే దీనికి తగినది. మేపుల్ చెట్టు బుడిపెలు, బూజు చారలు పట్టిన మామిడి లాంటివి. టేకు, రోజ్‌వుడ్‌లలో నూనె ఉంటుంది కనుక రెజిన్ సరిగా ఎక్కదు; రోజ్‌వుడ్‌కైతే ఆ అవసరమూ పెద్దగా లేదు. రంగు వేసిన ముక్క కొంటే కోసిన ముఖం చూడండి. మధ్యలో రంగు లేని మచ్చ ఉంటే రెజిన్ కూడా అక్కడిదాకా వెళ్లలేదేమోనని అనుమానించాలి.

160 మిల్లీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 10 మందం ఉన్న ముక్క ఒక కత్తికి సరిపోతుంది. ముందుగా కత్తి అంచుకు మందంగా టేపు చుట్టండి. తర్వాత పాత పిన్ను తలను ఆకురాయితో అరగదీసి కత్తిని విడదీయండి. పాత పిడి పారేయకండి, అదే మీ మూస.

ముక్క మందం సగమయ్యేలా నిలువునా రెండుగా కోసి, రెండు పలకలనూ రెండువైపులా అంటుకునే టేపుతో ఒకదానికొకటి అతికించండి. ఆకారం గీసి, 1.6 మిల్లీమీటర్ల పిన్ను రంధ్రాలు ఒక్కసారే, నిటారుగా వేయండి. డ్రిల్ స్టాండు ఉంటే అదృష్టమే. తర్వాత సన్నరంపం, ఆకురాయి.

ఇక్కడే తొందరపడతారు. రెజిన్ నిండిన చెక్క గట్టిదే కానీ పెళుసుది, వేడికి ఓర్వదు. మిషన్ మీద ఒత్తి అరగదీస్తే రెజిన్ మెత్తబడి ఉప్పుకాగితాన్ని జిగటగా పట్టేస్తుంది, సన్నని పలక చిట్లుతుంది కూడా. పట్టుకుంటే వేలికి వేడి తగిలిందా, ఆపేయండి. చేత్తోనే 120, 220, 400, 600 నంబర్ల కాగితాలు వరుసగా వాడండి; ఆ పైన 1000, 2000 నీళ్లతో తడిపి రుద్దవచ్చు. ఒక నంబరు గీతలు పూర్తిగా పోకుండా తర్వాతిదానికి వెళ్లకండి, ఈ చెక్క మెరుపెక్కేకొద్దీ పాత గీతలన్నీ బయటపెడుతుంది. పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తప్పనిసరి. వార్నిష్ అక్కర్లేదు, కొంచెం మైనం చాలు. పలకలను విడదీసి లోపలి ముఖాలను ఇప్పుడే నునుపు చేయండి, బిగించాక చేయి దూరదు. ఒక్కో పలక 3 మిల్లీమీటర్ల దగ్గర ఆగితే కత్తి చేతిలో తేలిగ్గా తిరుగుతుంది.

పిడి తోక దగ్గర పలకల మధ్య చిన్న చీల పెట్టాలి. కత్తి మెడ దగ్గర పలకలు ఎడంగా ఉంటాయి, తోక దగ్గర కలుస్తాయి. అందుకే చీల కత్తి వైపు మందంగా, తోక చివర పలుచగా ఉండాలి. పిన్ను కొట్టేముందు సన్నని నట్టుబోల్టులతో తాత్కాలికంగా బిగించి కత్తిని మూసి చూడండి. పలకల నడుమ నిలవాలి, ఎటూ తగలకూడదు. ఓ పక్కకు పోతే చీలను కొంచెం కొంచెం అరగదీసి సరిచేయాలి. ఎంతసేపు పట్టినా సరే, ఇది తేలకుండా ముందుకు పోవద్దు.

చివరికి ఇత్తడి కడ్డీ, వాషర్లు. కడ్డీ వాషరు పైకి మిల్లీమీటరులోపే కనిపించేలా కోసి, చిన్న దాగలి మీద పెట్టి, తేలికైన సుత్తితో అంచుల చుట్టూ చిన్న చిన్న దెబ్బలు వేస్తూ తల పరచండి. కాస్సేపు ఇటు, తిప్పి కాస్సేపు అటు. గట్టిగా కొడితే పలక పగులుతుంది. ప్రతి కొన్ని దెబ్బలకూ కత్తి తెరిచి చూడండి: తనంత తాను జారిపడకూడదు, బొటనవేలితో సులువుగా కదలాలి. అంచుకు చుట్టిన టేపు అప్పుడే తీయండి, పదును పట్టడం ఆ తర్వాతే. వాడకంలో తడిసిన పిడిని తుడిచి, కత్తి తెరిచే ఆరనివ్వండి. నీళ్లలో నానబెట్టొద్దు. రెజిన్ తడిని చాలావరకు ఆపుతుంది, పూర్తిగా కాదు.